నదీతీర బాటపై మౌంటెన్ బైక్: కనిపించినంత మేరలో ఆగగలిగే వేగమెంత?

ఈసారి పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. నగరం మధ్యగా పారే నది వెంట వేసిన బాట మీద నడిచేవారు, పరుగెత్తేవారు, చిన్నపిల్లలు, కుక్కలను తిప్పేవారు, వారందరి నడుమ వెడల్పాటి టైర్ల మౌంటెన్ బైకులు కలిసి సాగవలసి వస్తోంది. సైకిలు తొక్కేవారూ రాశారు, వారి మీద కోపంతో నడిచేవారూ రాశారు. రెండు రకాల ఉత్తరాలనూ పక్కపక్కన పెట్టి చదివితే తగాదా ఎక్కడ మొదలవుతోందో తెలిసిపోతుంది: ఎదుటివారు మరుక్షణం ఏం చేయబోతున్నారో ఎవరికీ తెలియడం లేదు.

ప్రశ్న: ఆరు నెలలుగా నది వెంట ఉన్న బాట మీద రోజూ ఉదయం మౌంటెన్ బైక్ తొక్కుతున్నాను. మంచి డిస్క్ బ్రేకులున్నాయి. గంటకు 25 కిలోమీటర్లు దాటను. ఇంతవరకు ఎవరినీ తాకలేదు. అయినా నడిచేవారు నా వెనక కేకలు వేస్తూనే ఉంటారు. ఇటువంటి బాట మీద ఎంత వేగం సబబు?

జవాబు: మీరు ఎవరినీ తాకలేదన్న మాటను నమ్ముతాను. అయితే అందులో మీ బ్రేకుల గొప్పతనమెంత, ఎదుటివారు ఉలిక్కిపడి పక్కకు గెంతడమెంత అన్నది లెక్క వేసి చూడవలసిన సంగతి. గంటకు 25 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. అడ్డు కంటపడిన క్షణం నుంచి బ్రేకు మీద వేళ్లు బిగిసేదాకా ఒక సెకను పడుతుందనుకుంటే, ఆ 7 మీటర్లు బ్రేకు అన్న మాటే లేకుండా గడిచిపోతాయి. ఆ తరువాత పొడి తారు మీద, చేయి తిరిగినవారికైతే, మరో 6 మీటర్లు కావాలి. వదులు కంకర మీదనైతే 10 మీటర్ల దాకా కావాలి. వెరసి 13 నుంచి 17 మీటర్లు. అదే 15 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే మొత్తం 6 నుంచి 8 మీటర్లలో సైకిలు నిలిచిపోతుంది. పైగా ఢీకొన్నప్పటి శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి, 25 దగ్గర మీ సైకిలు మోసుకొచ్చే శక్తి 15 దగ్గర ఉన్నదానికి రమారమి మూడింతలు.

డిస్క్ బ్రేకుల గురించి ఒక మాట చెప్పాలి. బ్రేకు ఆపేది చక్రాన్ని మాత్రమే. మిమ్మల్ని ఆపేది నేల మీద టైరుకున్న పట్టు. ఎండిన ఆకులు, సన్న కంకర, వాన తడి ఉన్నచోట ఎంత ఖరీదైన బ్రేకైనా ఆ పట్టును మించి ఏమీ చేయలేదు.

అందువల్ల ఇన్ని కిలోమీటర్లని ఒక అంకె చెప్పడం నాకు ఇష్టం లేదు. కంటికి కనిపించే దూరంలో సగంలోపు ఆగగలిగే వేగమే ఆ చోటికి తగిన వేగం. సగమే ఎందుకంటే, ఎదురుగా వచ్చే సైకిలుకు కూడా ఆగడానికి తన వంతు దూరం కావాలి. పొదలు కమ్మిన మలుపులో 10 మీటర్లే కనిపిస్తున్నాయనుకుంటే, మీ వంతు 5 మీటర్లు. అంతలో ఆగాలంటే గంటకు 10 కిలోమీటర్లు దాటకూడదు. మలుపు దాటి, దారి తిన్నగా పరుచుకొని, మనిషన్నవాడు లేకపోతే 20 దగ్గర తొక్కినా ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఒకే బాట మీద ఒకే ఉదయం ఈ రెండు వేగాలూ సరైనవే.

నది వెంట పోయే బాటల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు రోడ్డు వంతెన అడుగు. అక్కడ బాట కిందికి దిగుతుంది కనుక తొక్కకుండానే వేగం పెరుగుతుంది. సరిగ్గా దిగువన స్తంభం అడ్డుగా నిలిచి అవతలి సగాన్ని దాచేస్తుంది. ఎండలోంచి ఒక్కసారిగా నీడలోకి వెళ్లడం వల్ల కళ్లు అలవాటు పడేలోపు రెండు మూడు సెకన్లపాటు నేల నల్లగా తప్ప మరేమీ కనిపించదు. వంతెన పైనుంచి కారే నీటికి నేల చెమ్మగా ఉండి, అంచుల్లో పాకుడు పట్టి ఉంటుంది. వీటన్నిటికీ తోడు, అవతలి నుంచి వచ్చేవారు ఎక్కుడు సులువుగా ఎక్కేద్దామని అదే చోట వేగం పుంజుకుంటారు. ఇవన్నీ ఒకే పది మీటర్లలో జరుగుతాయి. అందుకే వంతెన కిందికి దిగకముందే, ఇంకా ఎండలో ఉండగానే, బ్రేకు పని ముగించి, స్తంభానికి దూరంగా మీ పక్క అంచును పట్టుకొని, ఒకసారి బెల్లు మోగించి లోపలికి వెళ్లాలి. నీడలోకి వెళ్లాక గట్టిగా బ్రేకు వేయడమంటే, చెమ్మ నేల మీద, కనిపించని చోట, జారడానికి సిద్ధపడటమే.

ఇక నడిచేవారి కోపం సంగతి. ఇప్పటి మౌంటెన్ బైకుల హ్యాండిల్ ఈ చివరనుంచి ఆ చివరకు 74 నుంచి 80 సెంటీమీటర్లు ఉంటుంది. రోడ్డు రేసు సైకిలు హ్యాండిల్ దానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. బాట ఒకటిన్నర మీటర్లకు ఇరుకైన చోట మీ హ్యాండిల్ ఒక్కటే సగం దారిని తీసుకుంటుంది. మీ కళ్లు ముందు చక్రాన్ని, దారినీ చూస్తుంటాయి కనుక ఆ చివరలు మీకు గుర్తుండవు. మీరు దాటుతున్న మనిషికి మాత్రం కనిపించేది ఆ చివరే, అదీ మోచేతి పక్కనుంచి. చేయి చాపితే తగిలేంత దగ్గరగా మనిషిని దాటవలసి వచ్చినప్పుడు 10 కిలోమీటర్లకు తగ్గండి, అదీ చాలకపోతే దిగి నడవండి. రెండు వారాలు ఇలా చేసి, కేకలు తగ్గాయో లేదో మళ్లీ రాయండి.

ప్రశ్న: నా వయసు 68 ఏళ్లు. కాస్త వినికిడి తక్కువ. సాయంత్రం నది ఒడ్డున నడుస్తుంటే సైకిళ్లవాళ్లు సరిగ్గా వీపు వెనకకు వచ్చి బెల్లు కొడతారు. ఎటు జరగాలో తెలియక కంగారులో ఎదురు పక్కకే వెళ్లిపోతాను. తప్పు నాదేనంటారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, తప్పు మీది కాదు. మీరు చేయవలసింది ఒక్కటే: ఏ పక్క నడుస్తున్నారో ఆ పక్కనే, అదే తీరున నడుస్తూ ఉండండి. వెనకనుంచి చప్పుడు వినిపించగానే పక్కకు గెంతవద్దు. నిలకడగా నడిచే మనిషిని తప్పించుకొని పోవడం సైకిలు తొక్కేవారికి సులువు. ఒక్కసారిగా దిశ మార్చే మనిషిని తప్పించడం ఎవరికైనా కష్టం. ఎటు జరగాలో తేల్చవలసిన భారం వెనక వచ్చేవారిది.

ఇది నేను మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. 1988లో అమెరికాలో ఏర్పడిన అంతర్జాతీయ మౌంటెన్ బైసైక్లింగ్ సంఘం తన సభ్యులకు చెప్పే దారి నియమాల్లో, ప్రత్యేకంగా బోర్డు పెట్టి ఉంటే తప్ప, నడిచేవారికీ గుర్రాల మీద వెళ్లేవారికీ సైకిలువారే దారి ఇవ్వాలని ఉంది. దిగేవారు ఎక్కేవారికి దారి ఇవ్వాలని కూడా ఉంది. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్‌లో 2022లో చేర్చిన నియమాలు కూడా, ఎవరి వాహనం ఎక్కువ హాని చేయగలదో వారి మీదే ఎక్కువ బాధ్యత ఉంటుందని స్పష్టంగా చెబుతున్నాయి.

మిగిలిన మాటలు సైకిలు తొక్కే పాఠకులకు. బెల్లు ఎక్కడ కొడుతున్నారన్నదే అసలు సంగతి. మీరు 15 కిలోమీటర్ల వేగంతో, ముందున్నవారు 5 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, 25 మీటర్ల దూరంలో కొట్టిన బెల్లు వారికి 9 సెకన్ల గడువునిస్తుంది. అంతలో విని, తిరిగి చూసి, ఎటు ఉండాలో నిర్ణయించుకోవచ్చు. 25 కిలోమీటర్ల వేగంతో వస్తూ 10 మీటర్ల దూరంలో కొడితే రెండు సెకన్లు కూడా మిగలవు. ఆ బెల్లు సమాచారం ఇవ్వదు, భయపెడుతుంది. దూరం నుంచి ఒక్కసారి మెల్లగా కొట్టి, తొక్కడం ఆపేయండి. తొక్కడం ఆపితే చాలా సైకిళ్లలో వెనక హబ్ (చక్రం నడుమ ఇరుసు ఉండే భాగం) లోపలి రాచెట్ (పళ్ల చక్రం) టకటకమంటూ మోగుతుంది. మీరు దగ్గరవుతున్న కొద్దీ పెరిగే ఆ చప్పుడు కొంతమందికి బెల్లు కంటే బాగా అర్థమవుతుంది. ముందున్న మనిషి తల తిప్పడమో, భుజం కదపడమో, చేయి ఊపడమో కనిపించేదాకా వారికి వినబడలేదనే అనుకోవాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నవారికి, వినికిడి తగ్గినవారికి ఎంత బెల్లు కొట్టినా ఒకటే. అటువంటప్పుడు నడక వేగానికి దిగి, ‘కుడి పక్కనుంచి వస్తున్నానండీ’ అని మామూలు గొంతుతో చెప్పి, దాటాక ఒక కృతజ్ఞత చెబితే సరిపోతుంది. ఏ పక్కనుంచి దాటాలన్నది మీ దేశంలో రోడ్డు మీద ఏ పక్క నడుపుతారో దాన్నిబట్టి ఉంటుంది. ఒకరోజు ఇటు, ఒకరోజు అటు దాటితే మాత్రం మిమ్మల్ని ఎవరూ ఊహించలేరు.

ప్రశ్న: కుక్క పట్టీ చక్రానికి చుట్టుకొని పడిపోయిన స్నేహితుడి గురించి విన్నాను. కుక్కలున్న చోట ఎలా వెళ్లాలి?

జవాబు: ఈ ప్రశ్నకు నా మోచేతి మీది మచ్చ కూడా జవాబు చెప్పగలదు. ఒక ఉదయం ముందున్న కుక్క బాటకు ఎడమ అంచున గడ్డిని వాసన చూస్తోంది, దాని యజమాని కుడి అంచున నిలబడి ఫోనులో మాట్లాడుతున్నారు. నా కంటికి మధ్య దారి ఖాళీగా కనిపించింది. లాగితే ఐదు మీటర్ల దాకా సాగే సన్నపాటి తాడు వారిద్దరి మధ్య మోకాలి ఎత్తులో బిగిసి ఉందని, అది ఎండకు తళుక్కుమన్నాకే తెలిసింది. ముందు బ్రేకు బలంగా పట్టేసరికి వెనక చక్రం గాలిలోకి లేచింది, నా మోచేయి కంకరను చూసింది. కుక్క మాత్రం నింపాదిగా వచ్చి నన్ను వాసన చూసి వెళ్లింది.

కుక్క ఒక పక్క, మనిషి ఒక పక్క ఉంటే నడుమ తాడు ఉందనే అనుకోవాలి. యజమాని కుక్కను దగ్గరకు తీసుకొని మీ వైపు చూసేదాకా ఆగడం మంచిది. తాడు లేని కుక్క వెంటపడితే వేగం పెంచకండి. పరుగెత్తే వస్తువే దాన్ని ఉసిగొల్పుతుంది. దిగి, సైకిలును మీకూ కుక్కకూ మధ్య అడ్డంగా పెట్టుకొని నడవండి.

ప్రశ్న: వాన పడిన మరునాడు నది వెంట మట్టి బాట మీద తొక్కవచ్చా? నీటి మడుగులు వస్తే పక్కనుంచి వెళ్లాలా, మధ్యనుంచి వెళ్లాలా? వరద తగ్గిన తరువాత ఎన్నాళ్లు ఆగాలి?

జవాబు: ఇవి చూడటానికి ఒకే ప్రశ్నలా ఉన్నా మూడు వేరువేరు సంగతులు.

వాన తరువాత ఎన్ని రోజులు ఆగాలన్నది మట్టి చెప్పాలి. ఇసుక కలిసిన నేల కొన్ని గంటల్లో నీటిని దింపేసుకుంటుంది. బంకమట్టి రోజుల తరబడి పట్టుకొని ఉంటుంది. బాట మొదట్లో ఒక పది అడుగులు నడిచి చూడండి. చెప్పు అడుగున మట్టి పెళ్లలుగా అంటుకుంటున్నా, నొక్కినచోట అచ్చు లోతుగా దిగి అలాగే నిలిచిపోతున్నా, ఆ రోజుకు తారు దారి చూసుకోవడమే న్యాయం. మెత్తటి మట్టిలో మీ టైరు వేసిన గాడి ఎండాక గట్టిపడుతుంది. తరువాతి వాన నీరు బాటకు అడ్డంగా పారిపోకుండా ఆ గాడిలో పడి బాట వెంటే పరుగెడుతుంది, పారే కొద్దీ మట్టిని కోస్తుంది. నది గట్టు మీద కోత మొదలైతే ఆ మట్టి చేరేది నదిలోకే. ఒక్క సైకిలు గాడికి ఇంత కథేమిటని అనిపించవచ్చు. ఒక వారాంతంలో ఆ బాట మీద ఎన్ని సైకిళ్లు పోతాయో ఒక గంట కూర్చొని లెక్కపెడితే ఆ మాట అనరు.

మడుగుల విషయంలో జవాబు చాలామందికి నచ్చదు. వాన నీరు నిలిచిన చిన్న మడుగు అడుగు గట్టిదని తెలిస్తే మధ్యనుంచి, నెమ్మదిగా, తేలిక గేరులో తొక్కుతూ పోవాలి. బట్టలు తడుస్తాయని ప్రతివారూ అంచు మీద నుంచి వెళ్తే, అంచు మీది గడ్డి చచ్చి, మడుగు వెడల్పై, తరువాతి వారు ఇంకొంచెం పక్కకు పోతారు. రెండు అడుగుల బాట ఒక రుతువులో ఆరు అడుగుల బురదగా మారేది ఇలాగే. నీటి అడుగు కనిపించకపోతే, అక్కడ ఏముందో మీకు ముందే తెలియకపోతే, దిగి చూడండి.

వరద నీరు మడుగు కాదు. బాట మీద నీరు కదులుతోందంటే ఇక వెనక్కి తిరగడం తప్ప ఆలోచించవలసింది లేదు. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్ద మనిషిని పడదోయగలదని వాతావరణ శాఖలు హెచ్చరిస్తూనే ఉంటాయి. సైకిలు చక్రాలు ఆ ప్రవాహానికి మరింత అడ్డుగా నిలుస్తాయి. వంతెనల అడుగు భాగాలు అన్నిటికంటే పల్లంలో ఉంటాయి కనుక నీరు ముందుగా వచ్చేదీ, చివరగా పోయేదీ అక్కడినుంచే.

నీరు తీశాక మిగిలేది ఒండ్రు. అది మోసం చేస్తుంది. పైన ఎండి, పగుళ్లు బారి, గట్టి నేలలాగే కనిపిస్తుంది. టైరు దాని మీదికి ఎక్కగానే పై పొర విరిగి, కింద సబ్బులాంటి మెత్తటి బురద బయటపడుతుంది. అటువంటి చోట మలుపు తిప్పకూడదు, ముందు బ్రేకు తాకకూడదు, హ్యాండిల్‌ను తిన్నగా ఉంచి దొర్లిపోవాలి. చెక్క పలకల వంతెనలదీ దాదాపు ఇదే తీరు. తడి పలక మీద వేగాన్ని ఎక్కకముందే తగ్గించుకోవాలి, పలకల సందులు చక్రానికి అడ్డంగా ఉంటే భయం లేదు, చక్రం పోయే దిశలోనే నిలువుగా ఉంటే సన్న టైరు అందులో ఇరుక్కుంటుంది. బాటను నిర్వహించేవారు కంచె వేసి మూసేస్తే, అవతల బాగానే ఉంది కదా అని సైకిలు ఎత్తి దాటకండి. గట్టు అడుగున మట్టి కొట్టుకుపోయి పైన పలుచని కప్పు మాత్రమే మిగిలి ఉండవచ్చు, అది పైనుంచి చూస్తే తెలియదు.

ప్రశ్న: నా దారిలో సగం తారు, సగం కంకర. టైర్లలో ఎంత గాలి పెట్టాలి? రోడ్డు మీద బరువుగా నడుస్తోందని టైరుపై రాసినంత గాలీ నింపేస్తున్నాను.

జవాబు: టైరు పక్కన రాసి ఉండేది దాటకూడని హద్దు, నింపవలసిన కొలత కాదు. అంత గాలి నింపితే టైరు రాయిలా గట్టిపడి, కంకర మీద ప్రతి గులక మీదా ఎగురుతుంది. చక్రం గాలిలో ఉన్నంతసేపు బ్రేకు పనిచేయదు, మలుపూ తిరగదు. 2.2 నుంచి 2.4 అంగుళాల వెడల్పున్న టైరుకు, లోపల ట్యూబ్ ఉంటే, సగటు బరువున్న మనిషి 30 నుంచి 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలమానం) మధ్య మొదలుపెట్టవచ్చు. ట్యూబ్‌లెస్ అయితే ఇంకో ఐదారు తగ్గించినా ఇబ్బంది లేదు. ముందు టైరులో వెనకదాని కంటే ఒకటి రెండు పీఎస్‌ఐ తక్కువ ఉంచాలి, ఎందుకంటే మీ బరువు ఎక్కువ భాగం వెనక చక్రం మీదే ఉంటుంది, పట్టు అవసరమయ్యేదేమో ముందు చక్రానికి. టైరు మీదా, రిమ్ము మీదా రెండు హద్దులు రాసి ఉంటే రెండింటిలో చిన్నదాన్ని పాటించండి.

మరీ తగ్గిస్తే ఏమవుతుందో కూడా తెలియాలి. రాతి అంచును గుద్దినప్పుడు ట్యూబ్ రిమ్ముకూ రాతికీ మధ్య నలిగి, పాము కాటు లాగా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. అవి కనిపించాయంటే తప్పు ముల్లుది కాదు, గాలి తక్కువైంది. మీ బరువుకు సరిపోయే కొలత దొరికేదాకా వారానికి రెండు పీఎస్‌ఐ చొప్పున తగ్గిస్తూ చూడటమే నేను చూపగలిగిన దారి. ఆ కొలతను టైరు నొక్కి కాక గేజీతోనే చూడాలి. గట్టి టైరు గోడల మీద బొటనవేలు చెప్పే లెక్క ఎప్పుడూ తప్పే.

తారు మీద బరువుగా నడవడానికి గాలి కంటే టైరు పళ్లదే ఎక్కువ బాధ్యత. ఎత్తుగా, దూరదూరంగా ఉన్న పళ్లు బురద కోసం చేసినవి. తారు మీద అవి వంగి లేస్తూ మీ శ్రమను మింగేస్తాయి, మలుపులో వాలినప్పుడు పక్క పళ్లు మెలితిరిగి జారుతున్నట్టు అనిపిస్తుంది. నడుమ పొట్టిగా దగ్గరదగ్గరగా, అంచుల్లో మాత్రం కాస్త ఎత్తుగా పళ్లున్న టైరు మీ దారికి తగినది. కొనేటప్పుడు చక్రం కొలత 26, 27.5, 29 అంగుళాల్లో ఏదో చూసుకోండి. ఒకదాని టైరు మరొకదానికి పట్టదు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు, దాని కుదుపు కదలికను బిగించే లాకౌట్ మీట ఉంటే తారు మీద వేసుకొని, కంకర మొదలయ్యే చోట తీసేయడం మరచిపోకండి. నేను వారంలో రెండుసార్లు మరచిపోతాను.

ప్రశ్న: మేము నలుగురం కాలేజీ స్నేహితులం. సిమెంటు బాట మీద తొక్కి తొక్కి విసుగొచ్చింది. గట్టు వాలులో చెట్ల మధ్యనుంచి నీటి అంచుదాకా ఒక చిన్న దారి చేసుకొని, రెండు జంపులు కట్టుకుందామనుకుంటున్నాం. ఎవరికీ అడ్డు రాదు కదా?

జవాబు: మనుషులకు అడ్డు రాకపోవచ్చు, గట్టుకు వస్తుంది. నది గట్టును పట్టి ఉంచేది చెట్ల వేళ్లు, వాటి మధ్య అల్లుకున్న గడ్డి. నిట్టనిలువుగా కిందికి దిగే సైకిలు దారి ఆ అల్లికను తెంపి, వాన నీటికి తిన్నని కాలువ అందిస్తుంది. ముఖ్యంగా వెనక బ్రేకు బిగించి జారుతూ దిగడం మట్టిని గీరేసినట్టే. ఎవరి అనుమతీ లేకుండా కట్టిన జంపు మీద, సంగతి తెలియని పిల్లవాడెవరైనా తన చిన్న సైకిలుతో ఎక్కితే ఏమవుతుందో కూడా ఆలోచించండి. చాలా నగరాల్లో పంప్ ట్రాకులు, అంటే గుట్టలూ మలుపులతో సైకిళ్ల కోసమే వేసిన దారులు, కట్టారు. లేనిచోట బాటను చూసే స్థానిక సంస్థకు నలుగురూ కలిసి అర్జీ పెట్టండి, పని చేయడానికి మేమూ వస్తామని అందులో రాయండి. గడ్డపారలు పట్టుకొని వచ్చేవారికి ఆఫీసుల్లో విలువ ఎక్కువ.

అయితే మీ విసుగును నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఈ ఆట పుట్టిందే దిగుడులో. కాలిఫోర్నియాలో మౌంట్ టమల్‌పైస్ దగ్గరి కొండ మీద 1976లో కొందరు యువకులు పాత బరువు సైకిళ్లతో మట్టి రోడ్డు వెంట పందెం కట్టి దిగేవారు. ఒక్క దిగుడుకే వెనక హబ్‌లోని బ్రేకు కాగి, గ్రీజు పొగలు కక్కుతూ మాడిపోయేది; మళ్లీ గ్రీజు నింపవలసి వచ్చేది కనుక ఆ పందేనికి రీప్యాక్ అన్న పేరు స్థిరపడింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1996లో, అదే ఆట అట్లాంటా ఒలింపిక్స్‌లోకి వచ్చింది.

కానీ కొండ మీద పడేవారిలో ఎక్కువమంది వేగం చాలక పడరు. నెమ్మదిగా పోవడం రాక పడతారు. దాన్ని నేర్పడానికి మీ సిమెంటు బాటను మించిన బడి లేదు. జనం తక్కువున్న వేళ, వెడల్పైన చోట, నలుగురూ పక్కపక్కన నిలబడి 20 మీటర్లను అందరికంటే ఆలస్యంగా, నేల మీద కాలు పెట్టకుండా దాటే పందెం పెట్టుకోండి. పెడళ్లు నేలకు సమాంతరంగా పెట్టి, ముందు చక్రాన్ని కొద్దిగా వంచి, కదలకుండా నిలబడటం నేర్చుకోండి. బాట అంచున ఉన్న సన్న గీత మీద నుంచి చక్రం తప్పకుండా 50 మీటర్లు పొండి. మోచేతులు వంచి, సీటు మీద నుంచి లేచి, ఒక్క వేలితో ముందు బ్రేకును పిండుతూ, ఒక ఆకు మీద సరిగ్గా చక్రం ఆగేలా ఆపండి. చెట్టు వేరు అడ్డం వస్తే దానికి లంబంగా దాటాలి, ఏటవాలుగా దాటితే తడివేళ సైకిలు పక్కకు లాగేస్తుంది. ఈ నాలుగూ వచ్చినవారు కొండకు వెళ్లిన మొదటిరోజే తేడా గుర్తిస్తారు. ఇక ఫోన్లో వేగాల పట్టిక పెట్టుకొని ఈ బాట మీద ఎవరు ముందని పోటీ పడుతుంటే, ఆ బాటను ఆ పట్టికలోంచి తీసేయండి. అక్కడ మొదటి స్థానం అంటే ఆ రోజు అందరికంటే ఎక్కువమందిని బెదరగొట్టినవారని అర్థం.

ప్రశ్న: మోటారున్న మౌంటెన్ బైకులకు ఇటువంటి బాటల మీద అనుమతి ఉంటుందా?

జవాబు: చోటును బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 250 వాట్ల మోటారుతో, తొక్కుతుంటేనే సాయపడుతూ, గంటకు 25 కిలోమీటర్ల వేగం దగ్గర సాయం ఆగిపోయేదాన్ని మామూలు సైకిలుగానే చూస్తారు. అమెరికాలో చాలా రాష్ట్రాలు వీటిని మూడు తరగతులుగా విభజించి, ఏ తరగతి ఏ బాట మీద వెళ్లవచ్చో విడిగా చెబుతాయి. ప్రవేశం దగ్గరి బోర్డు చదవడమే మార్గం. వీటి బరువు మామూలు సైకిలు కంటే చాలా ఎక్కువ కాబట్టి మొదటి ప్రశ్నకు నేనిచ్చిన దూరాలకు మీరు ఇంకొంత కలుపుకోవాలి.

ప్రశ్న: నది బాట మీద తొక్కి వచ్చిన ప్రతిసారీ బ్రేకులు కీచుమంటున్నాయి, చైను గరగరలాడుతోంది. పెద్ద పంపుతో కడుగుతున్నాను కూడా.

జవాబు: రోగం ఆ పంపులోనే ఉంది. ఒత్తిడితో కొట్టిన నీరు హబ్బులు, పెడళ్ల ఇరుసు, హ్యాండిల్ తిరిగే చోటి హెడ్‌సెట్ బేరింగుల్లోకి దూరి గ్రీజును కడిగేసి, దాని స్థానంలో సన్న ఒండ్రును కూర్చోబెడుతుంది. బురద ఎండకముందే బకెట్టు నీటితో, మెత్తటి బ్రష్షుతో కడిగి, గుడ్డతో తుడవండి. చైను పూర్తిగా ఆరాక లోపలి వైపునుంచి ఒక్కొక్క రోలరుకు ఒక్కొక్క చుక్క నూనె వేసి, పెడళ్లను కాసేపు వెనక్కి తిప్పి, బయట కనిపించే నూనెనంతా తుడిచేయాలి. బయట మిగిలిన నూనె చైనుకు మేలు చేయదు, దుమ్మును పిలుస్తుంది. స్ప్రే నూనె వాడితే దాని తుంపర డిస్కు మీద పడుతుంది. మీ కీచుమనే చప్పుడుకు అదే కారణమై ఉండటానికి అవకాశం ఎక్కువ. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి చూడండి, చప్పుడు పోకపోతే ప్యాడ్లు నూనె పీల్చుకున్నట్టే, మార్చవలసిందే. ఇంకొక నదికో చెరువుకో సైకిలు తీసుకెళ్లేముందు టైరు పళ్లలో ఇరుక్కున్న మట్టిని తప్పక తీసేసి ఆరబెట్టండి. ఒక ఒడ్డు కలుపు మొక్కల విత్తనాలు మరో ఒడ్డుకు చేరే దారుల్లో అదీ ఒకటి.

ప్రశ్న: మా ఏడేళ్ల పాపకు చిన్న మౌంటెన్ బైక్ కొన్నాం. సమతూకం వచ్చింది. నది బాట మీదికి ఎప్పుడు తీసుకెళ్లవచ్చు? నేను ముందుండాలా, వెనకుండాలా?

జవాబు: మూడు పనులు వస్తే తీసుకెళ్లవచ్చు: చెప్పిన చోట ఆగడం, సైకిలు పక్కకు పోకుండా వెనక్కి తిరిగి చూడటం, పేరు పెట్టి పిలిస్తే తిరగకుండానే జవాబివ్వడం. రెండోది చాలామంది పట్టించుకోరు. పిల్లలు ఎటు చూస్తే హ్యాండిల్ అటే తిరుగుతుంది. వెనక అమ్మ ఉందో లేదో చూడబోయి బాటకు అడ్డంగా వచ్చేస్తారు. ఖాళీ స్థలంలో మీరు వెనక నడుస్తూ వేళ్లు చూపించి ఎన్నో చెప్పమనండి. గీత తప్పకుండా చెప్పగలిగిన రోజు ఆ పని వచ్చినట్టే.

మీరు వెనక, కాస్త బాట మధ్య వైపుకు ఉండండి. అలా ఉంటే పాప మీకు ఎప్పుడూ కనిపిస్తుంది, వెనకనుంచి వచ్చేవారికి మీరు ముందు కనిపిస్తారు, దాటేవారు మీ ఇద్దరి చుట్టూ వెడల్పుగా తిరిగి పోతారు. వంతెనల దగ్గర, నీటి పక్కన కంచె లేని చోట్ల మాత్రం నీటికీ పాపకూ మధ్య మీ సైకిలు ఉండాలి. వెళ్లేముందు బ్రేకు మీటలు పాప వేళ్లకు అందుతున్నాయో లేదో చూడండి. మీట దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే మీట హ్యాండిల్‌కు దగ్గరవుతుంది. చాలా పిల్లల సైకిళ్లలో మీటలు దూరంగా ఉండి, పిల్లలు నాలుగు వేళ్ల కొసలతో లాగుతూ, బ్రేకు పడక కాళ్లు నేలకేసి రాస్తుంటారు. మొదటిసారి రెండు కిలోమీటర్లు చాలు, అదీ జనం తక్కువుండే వేళ, అలసిపోకముందే వెనక్కి తిరిగేలా.